ట్రైలరు దిగని పడవ

పడవ తయారైన రోజున ప్రకాశం ఇంట్లో కొబ్బరికాయ కొట్టలేదు. అనుమతి లేని పడవకి కొబ్బరికాయ కొడితే, అనుమతి లేకుండా ప్రారంభోత్సవం చేసినట్టవుతుందని అతని వాదన.

చోడిశెట్టి ప్రకాశం బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరయినవాడు. పదింటి బస్సు పదింటికి కదలాల్సిందే. పెళ్ళివారు పరిగెత్తుకొస్తున్నా ఆపేవాడు కాదు. అతని సర్వీసులో బస్సులు ఖాళీగా వెళ్ళాయి గానీ ఆలస్యంగా వెళ్ళలేదు. రూలంటే అతనికి కొందరికి దేవుడంటే ఉండేంత భక్తి.

అలాంటివాడు పడవ కట్టాడంటే కారణం భార్య.

మంగతాయారు బొండాయిలంకలో నర్సు. లంక అంటే గోదావరి మధ్యలో ఉన్న ఊరు. వారానికి ఆరు రోజులు కొత్తరేవులో ఏసుపాదం నాటుపడవ ఎక్కి, ఒళ్ళో టీకాల పెట్టె పెట్టుకుని, అవతలికి వెళ్ళి వస్తుంది. కిందటి ఆషాఢంలో నడి ఏట్లో సుడి తగిలి పడవ ఒరిగింది. మంగతాయారుకి ఈత రాదు. ఏసుపాదం జడ పట్టుకుని లాగబట్టి బతికింది.

"పెట్టె వదిలేసి పడవ అంచు పట్టుకోవచ్చు కదే!" అన్నాడు ప్రకాశం, ఆవిడ ఇంటికొచ్చాక.

"వదిలేస్తే మళ్ళీ ఇండెంటు పెట్టాలి. మూడు నెలలు పడుతుంది. మునిగితే నయం," అంది ఆవిడ జుట్టు తుడుచుకుంటూ.

మర్నాడే ప్రకాశం ప్లైవుడ్ కొనుక్కొచ్చాడు. ఫైబరు గుడ్డ, జిగురు, రంగు తెచ్చాడు. కాకినాడలో చేపల వాళ్ళ దగ్గర పాత ఇంజనొకటి బేరమాడాడు. పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య పదిహేను అడుగుల పడవ లేచింది. వచ్చే వరదలోపల భార్యని అందులో కూర్చోబెట్టి లంక దాటించాలి. అంతకుమించి అతనికి వేరే కోరిక లేదు.

ఇంక రెండే మిగిలాయి. పెట్రోలు ట్యాంకు ఒకటి. పెరట్లోంచి పడవని రేవుకి లాక్కెళ్ళడానికి ట్రైలరు ఒకటి.

"ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా చాలండీ. నది దాటడానికి ఎంత తాగుతుంది?" అంది మంగతాయారు పొయ్యి దగ్గర నుంచి. "ట్రైలరుకి రెండు చక్రాలు వేయించండి. పని అయిపోయింది."

"అడిగి చేస్తాను."

"ఎవర్ని?"

"ఆఫీసుని."

మంగతాయారు వంకాయకూర కలుపుతున్న గరిటె ఆపింది. "అడక్కండి. అడిగితే చెప్తారు."

"చెప్పడానికేగా వాళ్ళున్నది."

"చెప్పాక చెయ్యాలి."

ఆ పాయ మీద పడవ నడిపేవాళ్ళలో ఎవరూ ఎప్పుడూ ఆఫీసుకి వెళ్ళలేదు. అక్కడొక ఆఫీసు ఉందని సగంమందికి తెలియదు కూడా. ప్రకాశం గొడుగు తీసుకున్నాడు, చెప్పులేసుకున్నాడు, వెళ్ళాడు.

జల ప్రయాణ భద్రతా కార్యాలయం గోదావరి గట్టు మీదే ఉంది. నది వైపు కిటికీలన్నీ మేకులు కొట్టి మూసేశారు. చెమ్మకి ఫైళ్ళు పాడవుతున్నాయట. గోడ మీద కొత్తగా రాసిన నినాదం మెరుస్తోంది: "ఒక్క ప్రమాదం కూడా జరగని నది మన ధ్యేయం."

అధికారి నరహరి గారు అప్పుడే ఎక్కడో శిక్షణ ముగించుకుని వచ్చారు. ఆ శిక్షణ ఇంకా ముఖంలో వేడివేడిగా ఉంది. పక్కన సూపరింటెండెంటు త్రిమూర్తులు, పై అధికారి ప్రతి మాటకీ తలూపడానికి వీలుగా మెడ వదులు చేసుకుని కూర్చున్నాడు.

"ట్యాంకు ఎంతది పెట్టాలో అడుగుదామని వచ్చానండి," అన్నాడు ప్రకాశం.

నరహరి గారి కళ్ళు చెమ్మగిల్లాయి. ఉద్యోగంలో చేరాక ఒక పౌరుడు తనంతట తాను వచ్చి రూలు అడగడం అదే మొదలు.

"కూర్చోండి. తమరు గమనించవలసిన అంశం ఏమనగా, నడి నదిలో ఇంధనం అయిపోయినచో పరిస్థితి ఏమిటి?"

"అర మైలేనండి. డబ్బాడు పోసుకుంటే..."

"అయిపోయినచో! ప్రవాహం పడవను ఎటు తీసుకువెళ్ళును?"

"సముద్రానికండి."

"కావున, సముద్రం నుంచి తిరిగి రావడానికి సరిపడు ఇంధనం పడవలో ఉండవలెను."

అంత ఇంధనం ఉంటే అసలు అయిపోదు కదా, అయిపోకపోతే సముద్రానికి ఎందుకు వెళ్తాం అనే సందేహం ప్రకాశానికి గొంతుదాకా వచ్చింది. డిపోలో నేర్చుకున్న క్రమశిక్షణ దాన్ని లోపలికి నెట్టేసింది.

"ఎంత పెట్టమంటారండి?"

"రెండు వందల లీటర్లు," అన్నారు నరహరి గారు.

"కనీసం," అన్నాడు త్రిమూర్తులు.

ఇనపరేకుతో రెండు వందల లీటర్ల ట్యాంకు చేయించేసరికి అది పడవలో సగం ఆక్రమించింది. ఇద్దరు కూర్చోవాలంటే ట్యాంకు మీదే కూర్చోవాలి. మంగతాయారు వచ్చి చూసి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళిపోవడం ప్రకాశానికి నచ్చలేదు.

ఫొటో తీయించి మళ్ళీ ఆఫీసుకి పట్టుకెళ్ళాడు. నరహరి గారు ఫొటో చూసి కుర్చీలోంచి లేచిపోయారు.

"ఏమిటిది? ప్రయాణికులను పెట్రోలు పీపా మీద కూర్చోబెడుతున్నారా? ఎవరు చెప్పారు మీకు?"

"మీరేనండి."

"ట్యాంకు పెట్టమన్నాను. మనుషుల కింద పెట్టమనలేదు. నిప్పురవ్వ పడితే? ట్యాంకునకు, ప్రయాణికునకు మధ్య కనీస దూరం ఇరవై అడుగులు ఉండవలెను."

"పడవే పదిహేను అడుగులండి."

పైన ఫ్యాను కిర్రుమంది.

"పడవని పొడిగిస్తే?" అన్నాడు త్రిమూర్తులు.

"పొడిగించినచో బరువు పెరుగును. బరువు పెరిగినచో ఇంధనం ఎక్కువ పట్టును. ట్యాంకు పెంచవలసి వచ్చును," అన్నారు నరహరి గారు తన కిందవాడి అజ్ఞానానికి జాలిపడుతూ. "కావున ట్యాంకు పడవలో ఉండరాదు."

"మరెక్కడ ఉంటుందండి?"

"ట్రైలరు మీద."

ప్రకాశం రెండు చేతులూ జోడించి ఇంటికొచ్చాడు. ఆ చేతులు ఎందుకు జోడించాడో దారిలో అతనికే అర్థం కాలేదు.

రెండు చక్రాల ట్రైలరు నాలుగు చక్రాలది అయింది. ముందు భాగంలో పొడుగాటి ఇనప దూలం, దూలం చివర ట్యాంకు, వెనక పడవ, ట్యాంకు నుంచి ఇంజను దాకా పాములాగా రబ్బరు పైపు. ట్రైలరు చూడ్డానికి ఊరంతా వచ్చింది. ఏసుపాదం కూడా వచ్చి, బీడీ ఆర్పి చెవిలో పెట్టుకుని, చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"బాగుందండి బాబుగోరూ. పడవ నీళ్ళలోకెల్తే ట్యాంకు గట్టుమీదుంటదన్నమాట. పైపు ఎంత పొడుగేయిత్తున్నారండి? లంకదాకానా?"

"ఇన్స్పెక్షనుకి వస్తారు. వాళ్ళు చెప్తారు," అన్నాడు ప్రకాశం బింకంగా.

"సెప్తారండి. ఆయ్. సెప్పకుండా ఉంటారా!"

ఇన్స్పెక్షను నాడు నరహరి గారు, త్రిమూర్తులు లైఫ్ జాకెట్లు వేసుకుని జీపు దిగారు. కొబ్బరిచెట్ల మధ్య నారింజరంగులో ధగధగలాడారు. పడవ ట్రైలరు మీదే ఉంది. నిచ్చెన వేసుకుని ఎక్కారు. నలుగురు మనుషుల్ని పెట్టి అటూ ఇటూ ఊపించారు. తుపాను పరీక్షట. పడవ కదల్లేదు. నరహరి గారు వంగి అడుగంతా తడిమి చూశారు.

"ఎక్కడా చుక్క నీరు లోపలికి రాలేదు."

"నీళ్ళలో లేదు కదండీ," అంది గుమ్మంలో నుంచి మంగతాయారు.

నరహరి గారు ఆవిడ మాట వినిపించుకోలేదు. పైపు పట్టుకుని చూస్తున్నారు. "ప్రయాణంలో ఈ పైపు ఊడినచో పెట్రోలు కారి మంటలు లేచును. కావున పైపునకు సీసపు సీలు వేయవలెను. పడవ జరిగినచో పైపు తెగును. కావున పడవను ట్రైలరునకు నాలుగు బోల్టులతో బిగించి, బోల్టులకు కూడా సీలు వేయవలెను."

సీళ్ళు పడ్డాయి. త్రిమూర్తులు చెమటోడ్చి వేశాడు. అయ్యాక ప్రకాశం, జీవితంలో మొదటిసారిగా, ఒక అధికారికి ఎదురుప్రశ్న వేశాడు.

"సార్. మరి పడవ నీళ్ళలోకి ఎలా దిగుతుందండి?"

నరహరి గారు సమాధానం కోసం నోరు తెరిచారు. తర్వాత ఆయన ముఖంలో నెమ్మదిగా ఒక వెలుగు వచ్చింది. లోకానికి పనికొచ్చేది కనిపెట్టినవాళ్ళ ముఖాల్లో వచ్చే వెలుగు.

"నీళ్ళలోకి ఎందుకు దిగవలెను?"

"పడవండి..."

"ప్రకాశం గారూ, ఈ జిల్లాలో ఇంతవరకు జరిగిన పడవ ప్రమాదాలన్నీ నేను అధ్యయనం చేశాను. ఒక్కటి, వినండి, ఒక్కటి కూడా నేల మీద జరగలేదు."

త్రిమూర్తులు తల అంత వేగంగా ఊగడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

ప్రకాశానికి అప్పటికప్పుడే సర్టిఫికెట్టు రాసిచ్చారు. నెల తిరగకుండా భూమార్గ జలరవాణా సేవ ప్రారంభమైంది. కొత్తరేవులో షామియానా వేశారు. ప్రకాశం పడవకి మామిడాకులు కట్టారు. పెద్దలు రిబ్బను కత్తిరించారు. ఈసారి కొబ్బరికాయ కొట్టారు. ట్రాక్టరు ముందు లాగుతుంటే పడవ గట్టు మీద రోడ్డెక్కింది. మోటారు పడవ కాబట్టి ఇంజను ఆడుతూనే ఉండాలని రూలు. గాల్లో ఆడితే వేడెక్కి పట్టేస్తుంది కాబట్టి దాని కింద నీళ్ళ తొట్టి ఒకటి వేలాడదీశారు. జలరవాణాలో జలం అంతే.

ప్రకాశాన్ని పడవ సారథిగా నియమించారు. జీతం లేదు, టోపీ ఇచ్చారు. అతను వెనక కూర్చుని చుక్కాని తిప్పుతుంటాడు. ట్రాక్టరు డ్రైవరు దాన్ని ఖాతరు చెయ్యడు. మలుపు దగ్గర ప్రకాశం ఎడమకి తిప్పితే ట్రాక్టరు కుడికి పోయేది. అయినా సమయానికి బయల్దేరుతున్నాం కదా అని ప్రకాశం మనసుని సమాధానపరుచుకునేవాడు.

ఇబ్బంది ఒక్కటే. లంక నది మధ్యలో ఉంది. రోడ్డు లంకకి వెళ్ళదు. రోడ్డు పెద్ద వంతెన మీదుగా అవతలి గట్టుకి వెళ్తుంది. వంతెన సరిగ్గా లంక కొస మీదుగా పోతుంది గానీ దిగడానికి మెట్లు లేవు. కాబట్టి పడవ వంతెన మధ్యలో ఆగుతుంది. అక్కడొక బోర్డు పెట్టారు: బొండాయిలంక రేవు. ప్రయాణికులు కమ్మీల మీదుగా లంకని చూసుకుని, తిరిగి అదే పడవలో ఇంటికి రావాలి.

నీళ్ళలో తిరిగే పడవలన్నీ అదే రోజు నుంచి రద్దు. ఏసుపాదం నాటుపడవని ఒడ్డుకి లాగి గొలుసేశారు.

"నా పడవకి ట్యాంకే లేదు కదండి. తెడ్డేగా," అని అతను ఆఫీసులో మొత్తుకున్నాడు.

"తెడ్డును నడుపునది ఎవరు?"

"నేనేనండి."

"నిన్ను నడుపునది ఏది? అన్నము. అనగా అదియే ఇంధనం. సముద్రం నుంచి తిరిగి రావడానికి నీకు ఎంత అన్నం పట్టునో నిర్ధారణ కావలెను. అంతవరకు పడవ ఒడ్డునే ఉండును."

ఏసుపాదం బయటికొచ్చి, చెవిలోని బీడీ తీసి, వెలిగించడం మరిచిపోయి నోట్లో పెట్టుకున్నాడు. "నా అన్నం కొలిచినోడు మా ఆవిడ తర్వాత ఈయనేనండి," అన్నాడు ప్రకాశంతో.

లంక జనం ఏం చేస్తారు? అరటిబోదెలు కట్టుకుని తెప్పల మీద రావడం మొదలెట్టారు. ఒకరోజు తెప్ప విడిపోయి పాలు పోసే ముసలాయన కొట్టుకుపోతుంటే చేపల వాళ్ళు వలేసి లాగారు. ఆ సంగతి ఆఫీసుకి చేరింది. అది తెప్ప ప్రమాదమనీ, తెప్పలు తమ శాఖ పరిధిలోకి రావనీ, పడవ ప్రమాదాలు ఎప్పటిలాగే సున్నా అనీ నరహరి గారు పైకి రాశారు.

మంగతాయారు మాత్రం రోజూ డ్యూటీకి వెళ్ళేది. లైఫ్ జాకెట్ వేసుకుని, టీకాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, వంతెన మీద దిగి, కమ్మీలు పట్టుకుని కిందికి అరిచేది. లంక ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తి చూపించేవారు.

"ఏమ్మా సుబ్బులూ, పిల్లాడికి జొరం తగ్గిందా?"

"తగ్గిందండీ! దగ్గొచ్చిందండీ!"

"నోరు తెరిపించు! ఆ... కనపడ్డం లేదు! ఇటు తిప్పు, ఎండవైపు!"

వాళ్ళలో నూకరత్నం అనే అమ్మాయి ఉంది. తొలి కాన్పు. నెలలు నిండాయి. పొట్ట పట్టుకుని ఇసకలో నిలబడి తలెత్తి చూసేది.

"కాళ్ళు వాచాయా నూకరత్నం?"

"వాచాయండీ! చెప్పులు పట్టడం లేదండీ!"

"ముఖమో?"

"మా అత్త ఉబ్బిందంటందండీ!"

మంగతాయారు చేతిలో బీపీ చూసే మిషను ఉంది. పైన ఆవిడ, కింద ఆ అమ్మాయి. మధ్యలో తాటిచెట్టంత ఎత్తు. ఆ రోజు పడవలో నరహరి గారు కూడా ఉన్నారు. "రోగిని చూచితిరి, రోగి సమాధానం చెప్పెను. సేవ అందినట్లే," అన్నారు సంతృప్తిగా.

ఆ సాయంత్రం మంగతాయారు భర్తకి అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"ఆ పిల్లకి బీపీ ఉంది. మిషను పెట్టకుండానే చెప్తాను. ఫిట్సొస్తే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరు."

ప్రకాశం ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. "ఆఫీసులో అడుగుతాను..."

"మీరు నా కోసం పడవ కట్టారు. నేను మునగకూడదని. ఇప్పుడు నేను మునగడం లేదు, నిజమే. నా చేతిలో ఉన్న ఊరు మునుగుతోంది." ఆవిడ లేచి గిన్నెలు తీసేసింది. "అడగడానికి వెళ్ళేముందు ఆ చారు తాగి వెళ్ళండి."

ప్రకాశం చారు తాగలేదు. ఆఫీసుకీ వెళ్ళలేదు. పెరట్లో పడవ లేని ఖాళీ చోట చాలాసేపు నిలబడ్డాడు.

వరద అనుకున్నదానికంటే ముందే వచ్చింది. పైన భద్రాచలంలో నీళ్ళు పెరుగుతున్నాయని కబురొచ్చిన రెండో రోజుకి గోదావరి ఎర్రగా, వెడల్పుగా, దుంగలూ పొదలూ మోసుకుంటూ గట్టు నడుముదాకా లేచింది. సహాయక పడవలు పై ఊళ్ళకి వెళ్ళిపోయాయి. ఇక్కడికి రావాలంటే మధ్యాహ్నం దాటుతుంది.

పొద్దుటి పడవ మాత్రం సమయానికే బయల్దేరింది. వరద పరిస్థితిని పడవలో నుంచి స్వయంగా పరిశీలించాలని నరహరి గారు, త్రిమూర్తులు కూడా ఎక్కారు. మంగతాయారు ఎక్కుతూ ఒక గోనెసంచి బరువుగా లాగి బల్ల కింద పెట్టింది. ఏసుపాదం ఏ పనీ లేకపోవడంతో ఊరికే ఎక్కి కూర్చున్నాడు.

వంతెన మొదట్లోకి వచ్చేసరికి లంక కొసన ఎర్ర తువ్వాలు ఊగుతూ కనిపించింది. నూకరత్నం మొగుడు. అతని గొంతు నీటి హోరులో ముక్కలు ముక్కలుగా వినిపించింది. నొప్పులు. తెల్లారుజామునుంచి. ఒకసారి కళ్ళు తేలేసింది.

మంగతాయారు లేచి నిలబడింది. భర్త వైపు చూసింది.

ప్రకాశం టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ట్రాక్టరు ఆపించి, డ్రైవరు సీటు కింద ఉన్న పెద్ద స్పానరు తీసుకున్నాడు. మొదటి సీలు తెగిన చప్పుడు చిన్నదే. కానీ త్రిమూర్తులు తుపాకి పేలినట్టు ఉలిక్కిపడ్డాడు.

"ప్రకాశం గారూ!" నరహరి గారి గొంతు కీచుమంది. "ఏం చేస్తున్నారు? ప్రభుత్వ సీలు!"

"బోల్టు విప్పుతున్నానండి."

"పడవను నీళ్ళలో దించుట నిషిద్ధము! మీకు తెలియదా? మీరే అంటే ఇంక..."

"తెలుసండి." రెండో సీలు తెగింది. ప్రకాశం గొంతు డిపోలో బస్సుల వేళలు చదివినట్టు నిదానంగా ఉంది. "మీరిచ్చిన సర్టిఫికెట్టు నాకు కంఠతా వచ్చండి. రెండు వందల లీటర్ల ట్యాంకు, నాలుగు చక్రాల ట్రైలరు, సీలు వేసిన పైపు, ఇవన్నీ కలిపి ఉన్నదే పడవ అని రాశారు. వీటిలో ఏది లేకపోయినా పడవగా పరిగణింపబడదు అని కూడా రాశారు."

"అవును. రాశాను."

"పైపు తీసేశానండి." పైపు కింద పడింది. మూడో బోల్టు, నాలుగో బోల్టు. "ట్రైలరూ లేదు, ట్యాంకూ లేదు. కాబట్టి ఇది పడవ కాదు సార్. చెక్క తొట్టి. తొట్టిని నీళ్ళలో వెయ్యకూడదని ఎక్కడైనా ఉందా?"

నరహరి గారు త్రిమూర్తుల వైపు తిరిగారు. త్రిమూర్తులు కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, తనకి తెలిసిన రూళ్ళన్నీ మనసులో తిరగేశాడు.

"తెప్పల గురించే లేదండి," అన్నాడు నీరసంగా. "తొట్ల గురించి అసలు లేదండి."

"చూసి చెప్పండి. అంతలో వచ్చేస్తాం. ఇప్పుడు దిగుతారా సార్, మాతో వస్తారా?"

ఇద్దరూ నిచ్చెన కోసం చూడకుండా దూకారు.

నీళ్ళు రోడ్డు వాలుకి నాలుగు బారల దూరంలోనే ఉన్నాయి. ట్రాక్టరు డ్రైవరు, ఏసుపాదం, దారినపోయే పదిమంది కలిసి తోశారు. పడవ సర్రున జారి మొదటిసారి గోదావరిని తాకింది. కాస్త ఊగింది, నిలబడింది. ప్రకాశం గబుక్కున అడుగు తడిమాడు. పొడిగా ఉంది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే ఇంజను గుర్తొచ్చింది.

"తాయారూ! పెట్రోలు! ట్యాంకు అక్కడే..."

మంగతాయారు గోనెసంచి మూతి విప్పింది. లోపల నుంచి ఇరవై లీటర్ల ఎర్ర ప్లాస్టిక్ డబ్బా, దానికి చుట్టిన పైపు బయటికొచ్చాయి.

"ఎప్పుడు కొన్నావు?"

"మీరు మొదటిసారి అడగడానికి వెళ్ళారు చూడండి, ఆ రోజే."

"నిండుగా ఉందే!"

"నిన్న పోయించాను. పైపు తగిలించండి, ఎంతసేపు నన్ను చూస్తారు?"

"ఎడం పక్కకి కొట్టండి బాబుగోరూ," అన్నాడు ముందు కూర్చున్న ఏసుపాదం. "సుడి ఇవాళ కుడేపునుంది. దుంగొత్తంది, ఆపండి... ఆ, ఇప్పుడు పోనీండి!"

ఈసారి ప్రకాశం చుక్కాని ఎడమకి తిప్పితే పడవ ఎడమకే వెళ్ళింది.

గట్టు మీద జనం పోగయ్యారు. పడవ లంక చేరడం చూశారు. నలుగురు కలిసి మంచంతో సహా నూకరత్నాన్ని ఎక్కించడం చూశారు. వెనక ఆమె అత్త ఎక్కింది. పడవ తిరిగి బయల్దేరింది. నడి ఏట్లోకి వచ్చాక ఇంజను చప్పుడు తగ్గింది. పడవ వాలుగా కొట్టుకుపోసాగింది. మంగతాయారు వంగి ఉంది, వీపు తప్ప ఏమీ కనబడడం లేదు. ప్రకాశం అటు చూడకుండా ఆకాశం వైపు చూస్తూ చుక్కాని బిగించి పట్టుకున్నాడు.

అప్పుడు నీటి హోరు మీదుగా సన్నగా, కోపంగా, ఒక ఏడుపు వినిపించింది.

ఇంజను మళ్ళీ అందుకుంది.

పడవ గట్టుకి తగిలింది. అప్పటికే ఆసుపత్రి బండి వచ్చి ఉంది. జనం చేతుల మీద నూకరత్నాన్ని ఎక్కించారు. ఆమెకి స్పృహ ఉంది. మంగతాయారు ఆసుపత్రిదాకా వెళ్ళింది, చేతిలో బీపీ మిషను, ఒళ్ళంతా నెత్తురు, ముఖం నిండా నవ్వు. పోయే ముందు బిడ్డని టీకాల పెట్టె పక్కన పెట్టుకుని, "ఇదిగో, దీనికి వంతెన మీద నుంచి అరవక్కర్లేదు," అంది.

నరహరి గారు ఒక పక్కగా నిలబడి వేళ్ళు మడుస్తున్నారు. బయల్దేరినవారు ముగ్గురు. లంకలో ఎక్కినవారు ఇద్దరు. గట్టున దిగినవారు ఆరుగురు. మళ్ళీ లెక్కపెట్టారు. ఆరుగురే.

పదో రోజున నోటీసు వచ్చింది. చెక్క తొట్టి గురించి రూలేదీ దొరకనందున ఆ విషయం పరిశీలనలో ఉందనీ, అయితే రేవు కాని చోట, నడి నదిలో, లైఫ్ జాకెట్ లేకుండా ఒక ప్రయాణికుణ్ణి ఎక్కించుకున్న నేరానికి సంజాయిషీ ఇవ్వాలనీ అందులో ఉంది. సదరు ప్రయాణికుడు ఎక్కడ నుంచి ఎక్కాడో స్పష్టంగా తెలపమన్నారు.

అదే రోజున సున్నా ప్రమాదాలకి నరహరి గారికి పతకం ప్రకటించారని రేవులో చెప్పుకున్నారు. ఎందుకు రాదు? ట్రైలరు ఇప్పటికీ ట్రాక్టరు వెనక రోజూ సమయానికి వంతెన మధ్యదాకా వెళ్ళి వస్తోంది. పడవ లేదు, జనం లేరు. ముందు రెండు వందల లీటర్ల ట్యాంకు మాత్రం ఠీవిగా కూర్చుని ఉంటుంది. దానికి ఇంతవరకు చిన్న గీత కూడా పడలేదు.

ప్రకాశం నోటీసు రెండుసార్లు చదివాడు. లేచాడు. గొడుగు అందుకున్నాడు.

"ఎక్కడికీ?" అంది మంగతాయారు, కళ్ళు చిన్నవి చేసి.

"రేవుకి. నీకు డ్యూటీ టైమవడం లేదా? ఏసుపాదం అప్పుడే వచ్చి మన తొట్టిలో కూర్చున్నాడు."

"మరి నోటీసో?"

"దారిలో ట్రైలరు ఆగి ఉంటుంది. దానికి తగిలించి వెళ్దాం," అన్నాడు ప్రకాశం చెప్పులేసుకుంటూ. "రూలు ప్రకారం పడవంటే అదే కదా. అదే చెప్పుకుంటుంది సంజాయిషీ."